శరణార్థి క్యాంపుల్లో ప్రాణాలు కాపాడేది ఏది? దవాఖానా కంటే ముందు చూడాల్సినవి

పోయిన రంజాన్‌లో మా అమ్మీ ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. వెదురు గుడిసెలు, బురద దారి, చంకలో బిడ్డతో ఒక తల్లి. కింద ఒక అకౌంట్ నంబర్. "రోహింగ్యా క్యాంపులో దవాఖానా కడుతున్నాం, మీ జకాత్ పంపండి" అని రాసి ఉంది. ఇఫ్తార్ అయ్యాక అమ్మీ పిలిచి అడిగింది: "బేటా, నువ్వు బీకాం చదివావు కదా. ఈ పైసలు అక్కడిదాకా పోతాయా? పోయినా, దవాఖానా కట్టినంత మాత్రాన ఆ పిల్లలు బతుకుతారా?"

మొదటి ప్రశ్నకి ఎలా వెతకాలో నాకు తెలుసు. రెండో ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. దవాఖానా ఉంటే ప్రాణాలు నిలుస్తాయి, ఇందులో అడగడానికి ఏముంది అనుకున్నాను. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, అమ్మీ అడిగింది చాలా పెద్ద ప్రశ్న. క్యాంపుల్లో వైద్యం ఎలా బాగుపడింది, ఎక్కడ దెబ్బతింటోంది అన్నది మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. మనలో చాలా ఇళ్ల నుంచి ఏటా ఎంతో కొంత ఇటువైపు పోతుంది కాబట్టి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

క్యాంపులో జనం దేనివల్ల చనిపోతారు?

యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు బుల్లెట్ గాయాలతోనే చనిపోతారని అనుకుంటాం. సరిహద్దు దాటాక లెక్క మారిపోతుంది. విరేచనాలు, తట్టు, న్యుమోనియా, మలేరియా, ఆకలి... క్యాంపుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవి ఇవే. వీటిలో ఏదీ మందు లేని రోగం కాదు. ఒకే చోట లక్షల మంది, నీళ్లు తక్కువ, మరుగుదొడ్లు తక్కువ, పిల్లలకి టీకాలు లేవు. అందుకే మామూలు జబ్బు కూడా అక్కడ ప్రాణాంతకం అవుతుంది.

దీనికి ప్రపంచం మర్చిపోలేని ఉదాహరణ గోమా. 1994 జులైలో రువాండా నుంచి లక్షల మంది కొద్ది రోజుల్లోనే అప్పటి జైర్ దేశంలోని గోమా పట్టణానికి వచ్చారు. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు. ఎక్కువ మందిని చంపింది కలరా, రక్త విరేచనాలు. సహాయ సంస్థలు, విదేశీ డాక్టర్లు, విమానాల్లో సామాను అన్నీ వచ్చాయి. కానీ కావాల్సినన్ని శుభ్రమైన నీళ్లు అందేలోపే జనం పోయారు.

ఆ ఘోరం తర్వాత సహాయ సంస్థలు కలిసి కూర్చుని, 1997లో 'స్ఫియర్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఒక క్యాంపులో మనిషికి కనీసం ఏం అందాలి అన్నది అందులో అంకెల్లో రాసుకున్నారు. నాకు ఇది బాగా నచ్చింది. ఎందుకంటే "సేవ చేస్తున్నాం" అని ఎవరైనా అనొచ్చు, అంకె ముందు పెడితే జవాబు చెప్పాల్సిందే.

లక్ష మందికి లెక్క వేసి చూద్దాం

స్ఫియర్ ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలి. తాగడం, వండుకోవడం, వజూ, స్నానం, బట్టలు, అన్నీ అందులోనే. లక్ష మంది ఉన్న క్యాంపుకి రోజుకు 15 లక్షల లీటర్లు. మన బస్తీలకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే రోజుకు 300 ట్యాంకర్లు. ఒక్క రోజు కూడా ఆగకుండా.

20 మందికి ఒక మరుగుదొడ్డి. అంటే 5,000 మరుగుదొడ్లు. కట్టడంతో పని అయిపోదు, నిండిన గుంటలు తోడాలి, తోడింది ఎక్కడో శుద్ధి చేయాలి.

500 నుంచి 1,000 మందికి ఒక ఆరోగ్య కార్యకర్త. అంటే 100 నుంచి 200 మంది. ఆరు నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ తట్టు టీకా.

చివరగా ఒక హెచ్చరిక అంకె ఉంది. 10,000 మందిలో రోజుకు ఒకరు లేదా అంతకంటే ఎక్కువ చనిపోతుంటే దాన్ని అత్యవసర పరిస్థితిగా చూస్తారు. లక్ష మంది క్యాంపులో అది రోజుకు 10 జనాజాలు. గోమాలో ఈ గీత కంటే 20 రెట్లకు పైగా మరణాలు జరిగాయి.

ఈ జాబితాలో ఆపరేషన్ థియేటర్, ఎక్స్‌రే మిషన్ మొదట రాకపోవడం గమనించండి. అవి అక్కర్లేదని కాదు. కాన్పు కష్టమైతే, కాలిన గాయమైతే అవే కావాలి. కానీ నీళ్లు సరిగా లేని క్యాంపులో ఎన్ని మంచాల దవాఖానా కట్టినా అది విరేచనాల వాళ్లతోనే నిండిపోతుంది.

ఉప్పు, పంచదార, నీళ్లు: మన గడ్డ మీదే నేర్చిన పాఠం

క్యాంపు వైద్యాన్ని మార్చేసిన అతి పెద్ద ఆవిష్కరణల్లో ఒకటి మన దేశంలోనే, ఒక శరణార్థి క్యాంపులో రుజువైంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో దాదాపు కోటి మంది భారత్‌లోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గర కలరా చెలరేగింది. అక్కడికి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ చూసింది ఏమిటంటే, ఆసుపత్రి నేల మీద కూడా కాలు పెట్టే చోటు లేకుండా రోగులు. నరానికి ఎక్కించే సెలైన్ అయిపోతోంది, ఎక్కించడానికి మనుషులూ లేరు.

అప్పటికే ఢాకాలో, కలకత్తాలో ఒక విషయం పరిశోధనల్లో తేలింది. కలరా వచ్చినప్పుడు పేగు వట్టి ఉప్పు నీళ్లని సరిగా తీసుకోదు. గ్లూకోజ్ తోడైతే ఉప్పుని లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీరూ వెళ్తుంది. అయితే దీన్ని ఆసుపత్రి బయట, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాడొచ్చా అని చాలామందికి అనుమానం.

మహలనబిస్‌కి వేరే దారి లేదు. లీటర్ నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా. కలకత్తాలో తూచి ప్యాకెట్లు కట్టించి, క్యాంపులో డ్రమ్ముల్లో కలిపారు. కుళాయి తిప్పి పట్టుకుని తాగించింది నర్సులు కాదు, రోగుల తల్లులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి.

అదే ఈరోజు మనం మెడికల్ షాపులో కొనే ఓఆర్ఎస్. మహలనబిస్ 2022లో చనిపోయారు. 2023లో ఆయనకి పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికి ఉండగా ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు?

సందర్భం వచ్చింది కాబట్టి ఇంటికి పనికొచ్చే మాట ఒకటి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని పంచదార ఎక్కువగా ఉండే టెట్రా ప్యాక్ డ్రింకులు చాలా ఏళ్లు అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ శుభ్రమైన నీళ్లలో తల లేకుండా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు.

కాక్స్ బజార్‌లో ఏం చేశారు?

ఇప్పుడు అమ్మీ వీడియోలోని క్యాంపు దగ్గరికి వద్దాం. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైనిక దాడుల వల్ల కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి వచ్చారు. కాక్స్ బజార్ జిల్లా ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల్లో కొండలు చదును చేసి గుడిసెలు వేసుకున్నారు. కుతుపలాంగ్ ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి క్యాంపు అయింది. ఈరోజు అక్కడి క్యాంపులన్నీ కలిపి 11 లక్షలకు పైగా మనుషులు.

మొదటి నెలల్లో పరిస్థితి గోమా లాగే కనిపించింది. తొందరలో లోతు తక్కువ బోర్లు వేశారు, పక్కనే మరుగుదొడ్ల గుంటలు తవ్వారు. ఇళ్లలో తాగే నీళ్లు పరీక్షిస్తే మలంలో ఉండే క్రిములు దొరికాయి. కలరా రావడం ఖాయం అనుకున్నారు.

రాకుండా రెండు పనులు చేశారు. ఒకటి, 2017 అక్టోబర్‌లో నోట్లో వేసే కలరా టీకా. ప్రపంచ నిల్వ నుంచి 9 లక్షల డోసులు తెప్పించి మొదటి విడతలోనే 7 లక్షల మందికి వేశారు. రెండు, నీళ్ల పని. లోతు బోర్లు, క్లోరిన్ కలిపిన ట్యాంకులు, సోలార్ మోటార్లు, పైపుల మీద కుళాయిలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2019లో ఆక్స్‌ఫామ్ సంస్థ లక్షన్నర మంది మలాన్ని శుద్ధి చేసే ప్లాంటు కట్టింది. అప్పుడు అందరూ భయపడ్డ కలరా మహమ్మారి రాలేదు. రాని రోగానికి వీడియో తీయలేం కదా, అందుకే ఈ పనికి చందా అడిగేవాళ్లు తక్కువ.

కానీ అనుకోనిది ఇంకోటి వచ్చింది. డిఫ్తీరియా, మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. రఖైన్‌లో రోహింగ్యా పిల్లలకి టీకాలు సరిగా అందలేదు, ఆ లోటు క్యాంపులో బయటపడింది. 2017 నవంబర్‌లో మొదలై 7,000కి పైగా కేసులు వచ్చాయి, 40 మందికి పైగా చనిపోయారు. దీనికి విరుగుడు మందు ప్రపంచం మొత్తంలోనే కొరత. కొత్త తరం డాక్టర్లలో చాలామంది ఈ రోగాన్ని కళ్లతో చూసి ఉండరు.

డిసెంబర్‌లో టీకాలు మొదలుపెట్టారు. రోగి ఇంట్లో ఉన్నవాళ్లనీ, చుట్టుపక్కల వాళ్లనీ వెతికి యాంటీబయాటిక్ మింగించారు. ప్రత్యేక వార్డులు తెరిచారు. మెల్లగా తగ్గింది. ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఇప్పటికీ డిఫ్తీరియా కేసులు వస్తుంటాయి. టీకా వదిలేసిన చోట ఆ రోగం మళ్లీ తలుపు తడుతుంది.

గుడిసె గుడిసెకీ తిరిగేవాళ్లు

డాక్టర్ ఉన్నా జనం రాకపోతే? రోహింగ్యాల విషయంలో ఇది నిజమైన సమస్య. రఖైన్‌లో ఊరు దాటాలంటేనే అనుమతి కావాలి, ఆసుపత్రిలో వివక్ష. అలా బతికినవాళ్లు యూనిఫాం చూసినా, పేరు రాసుకున్నా భయపడటం సహజం.

భాష ఇంకో ఇబ్బంది. రోహింగ్యా భాష చిట్టగాంగ్ యాసకి దగ్గర, కానీ ఒకటి కాదు. విరేచనాలకి రోహింగ్యాలు వాడే మాటని ఉన్నదున్నట్టు తీసుకుంటే 'ఒళ్లు దిగిపోవడం' అని వస్తుంది. బయటి నుంచి వచ్చిన డాక్టర్ దాన్ని నీరసం అనుకుంటే, బలం గోళీలు రాసి పంపిస్తాడు.

అందుకే క్యాంపులోని రోహింగ్యా ఆడవాళ్లకీ, మగవాళ్లకీ శిక్షణ ఇచ్చి ఆరోగ్య వలంటీర్లుగా పెట్టుకున్నారు. వెయ్యి మందికి పైగానే ఉన్నారు. మన ఆశా కార్యకర్తల లాంటి పని. ఇంటింటికీ తిరిగి ఎవరికి జ్వరం, ఎవరికి నెలలు నిండుతున్నాయి, ఏ బిడ్డకి టీకా బాకీ అని చూస్తారు. ఏ వీధిలోనైనా ఒకే రకం జబ్బు ఎక్కువైతే క్లినిక్‌ల నుంచి ఆ సమాచారం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హెచ్చరిక వ్యవస్థకి చేరుతుంది.

వాళ్ల చేతిలో ఉండే ఒక రంగుల టేపు గురించి చెప్పాలి. బిడ్డ జబ్బకి చుట్టి చూస్తారు. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువ వచ్చిందా, ఎర్ర రంగు, బిడ్డ తీవ్రమైన పోషకాహార లోపంలో ఉన్నట్టు. త్రాసు అక్కర్లేదు, కరెంట్ అక్కర్లేదు, చదువు రాని తల్లి కూడా ఇంట్లో చూసుకోగలదు. వేరే జబ్బులేవీ లేకపోతే ఆ బిడ్డని ఆసుపత్రిలో చేర్చాల్సిన పని కూడా లేదు. పల్లీల ముద్ద ప్యాకెట్లు ఇస్తారు, ఒక్కోటి 500 కేలరీలు, ఇంట్లోనే తినిపించుకోవచ్చు.

కాన్పుల సంగతీ ఇలాంటిదే. ఆ క్యాంపుల్లో ఏటా దాదాపు 30,000 మంది పిల్లలు పుడుతున్నారు. మొదట్లో ఎక్కువ కాన్పులు గుడిసెల్లోనే జరిగేవి. రాత్రి దారిలో దీపం ఉండదు, కొండ దిగాలి, క్లినిక్‌లో మగ డాక్టర్ ఉంటాడేమో అని బెరుకు, అత్తగారి అనుమతి కావాలి. మంచాలు పెంచినంత మాత్రాన ఇవి తీరవు. రాత్రంతా తెరిచి ఉండే కాన్పు కేంద్రం, అందులో ఆడ మిడ్‌వైఫ్‌లు, దారిలో సోలార్ దీపాలు కావాలి. ఇంట్లో కాన్పులు చేసే దాయీలని తిట్టి దూరం పెట్టకుండా, గర్భిణిని వెంటబెట్టుకుని వచ్చే తోడుగా మార్చుకోవాలి.

2018 నుంచి కట్టెలకి బదులు గ్యాస్ సిలిండర్లు ఇవ్వడం కూడా ఆరోగ్యానికి పనికొచ్చింది. గుడిసెలో పొగ తగ్గింది, కట్టెల కోసం ఆడపిల్లలు అడవికి వెళ్లే ప్రమాదం తగ్గింది.

ఇంకా బాగుపడనిది, మళ్లీ పాడవుతున్నది

అంతా బాగైందని అనుకోవద్దు. 2023లో క్యాంపుల్లో దాదాపు 40 శాతం మందికి గజ్జి ఉందని అంచనా. ఇరుకు గుడిసె, ఒకే దుప్పటి, బట్టలు ఉతకడానికి నీళ్లు చాలవు. ఒక్కరికి మందిస్తే లాభం లేదు, ఇల్లు మొత్తానికి ఒకేసారి ఇవ్వాలి. అదే ఏడాది డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ చేసిన సర్వేలో, ఏడు క్యాంపుల్లో పరీక్షించిన పెద్దవాళ్లలో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి హెపటైటిస్ సి ఉన్నట్టు తేలింది. లివర్‌ని మెల్లగా తినేసే ఈ జబ్బుకి ఇప్పుడు మాత్రలు ఉన్నాయి, నెలల్లో నయమవుతుంది. కానీ అందరికీ అందించే డబ్బు లేదు.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకి నెలనెలా మందులు కావాలి. పెద్ద జబ్బు వస్తే క్యాంపు దాటి జిల్లా ఆసుపత్రికి వెళ్లడానికి అనుమతి పత్రం కావాలి. అన్నీ కళ్లముందు పోగొట్టుకుని వచ్చినవాళ్ల మనసుకి తగిలిన దెబ్బకి వైద్యం ఇంకా తక్కువ.

వీటన్నిటి వెనుకా ఉన్నది నిధుల లోటు. 2023లో ప్రపంచ ఆహార సంస్థ మనిషికి నెలకు ఇచ్చే రేషన్‌ని 12 డాలర్ల నుంచి మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించింది. 8 డాలర్లు అంటే అప్పటి లెక్కలో రోజుకు దాదాపు 22 రూపాయలు. ఆ ఏడాది చివరికి పిల్లల్లో పోషకాహార లోపం 15 శాతం దాటింది, అది అత్యవసర స్థాయి. 2024లో రేషన్ మళ్లీ పెంచారు. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగడంతో క్యాంపుల్లో కొన్ని ఆసుపత్రులు సేవలు తగ్గించుకున్నాయి. అదే సమయంలో, 2024 నుంచి 2025 మధ్యకల్లా మరో లక్షన్నర మంది కొత్తగా వచ్చారు.

అకౌంట్స్ చదివినవాళ్లకి తెలుసు, కట్టడం ఖర్చు ఒక్కసారే, నడపడం ఖర్చు ప్రతి నెలా. క్యాంపు వైద్యం ఎక్కువగా కుంటుపడేది ఆ రెండో లెక్క దగ్గరే. కుళాయికి క్లోరిన్, వలంటీర్‌కి రోజు కూలీ, అంబులెన్స్‌కి డీజిల్. ఇవి ఆగిపోతే మంచి బిల్డింగ్ కూడా తాళం వేసిన గదే.

మన బాలాపూర్ సంగతి

రోహింగ్యాలు మనకి దూరమేమీ కాదు. హైదరాబాద్ బాలాపూర్, షాహీన్ నగర్ వైపు కొన్ని వేల మంది ఏళ్లుగా ఉంటున్నారు. ఇవి బంగ్లాదేశ్‌లో లాంటి పెద్ద క్యాంపులు కావు. అద్దె జాగాల్లో వేసుకున్న గుడిసెలు, రేకుల షెడ్లు. చాలామంది చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు లేకపోవడంతో ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు వర్తించవు. సర్కారు దవాఖానాలో మామూలు జ్వరానికి మందు దొరుకుతుంది, పిల్లలకి టీకా దొరుకుతుంది. పెద్ద ఆపరేషన్ అయితేనే ఇబ్బంది.

ఇక్కడ కూడా అదే సూత్రం. కొత్త క్లినిక్ కంటే ముందు, ఉన్న దవాఖానాకి వాళ్లని తీసుకెళ్లే మనిషి, మాట అర్థం చేసుకుని చెప్పే మనిషి, టీకా తేదీ గుర్తు చేసే మనిషి కావాలి. ఇది మన మొహల్లాలోని చదువుకున్న అమ్మాయిలు, అబ్బాయిలు చేయగలిగిన పనే.

పైసలిచ్చే ముందు అడగాల్సినవి

సంస్థ రిజిస్టర్ అయిందా? అకౌంట్ సంస్థ పేరు మీద ఉందా, ఎవరో వ్యక్తి పేరు మీద ఉందా? ఆడిట్ రిపోర్ట్ చూపిస్తారా? విదేశానికి డబ్బు బ్యాంకు ద్వారా, నిబంధనల ప్రకారమే పోవాలి. ఎవరిదో యూపీఐ నంబర్‌కి వేసిన పైసలు సరిహద్దు దాటాయో లేదో తెలుసుకునే దారి మనకి ఉండదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కూడా 2019లో జకాత్ కోసం ప్రత్యేక నిధి పెట్టింది, దాని నివేదికలు బయట పెడుతుంది.

దవాఖానా అంటే ఇంకో మూడు అడగండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? రాత్రి కాన్పుకి ఆడ మనిషి ఉంటుందా? రెండో ఏడాది జీతాలు ఎవరిస్తారు? నీళ్లకీ జీతాలకీ జకాత్ వాడొచ్చా, సదఖా నుంచి ఇవ్వాలా అన్నది మీ ఆలిం సాబ్‌ని అడగండి, అది నేను చెప్పేది కాదు.

అమ్మీ ఆ వీడియోలో ఉన్న నంబర్‌కి నాతో ఫోన్ చేయించింది. నీళ్ల గురించి అడిగితే అవతలి మనిషి "ముందు బిల్డింగ్ లేవనివ్వండి, అవన్నీ తర్వాత" అన్నాడు. అమ్మీ పైసలు పంపలేదు. అలాగని ఇంట్లోనూ పెట్టుకోలేదు. బాలాపూర్‌లో పిల్లలని టీకాలకి తీసుకెళ్లే తెలిసినావిడ ఒకరు ఉన్నారు. ఆవిడ చేతిలో పెట్టి, "ఆటో కిరాయికి ఉంచండి" అంది.